యంత్రం ఒక్కటే చాలదు

జంషెడ్‌పూర్ ఉక్కు కర్మాగారం 1924లో కార్మికులకు జీతాలు చెల్లించలేని దుస్థితికి చేరినప్పుడు దొరాబ్జీ టాటా తన స్వంత ఆస్తిని, భార్య మెహర్‌బాయి ధరించే 245 క్యారట్ల జూబిలీ వజ్రంతో సహా, ఇంపీరియల్ బ్యాంకులో కుదువపెట్టి కోటి రూపాయల రుణం తెచ్చారు. కర్మాగారం నిలదొక్కుకుంది. 1931లో మెహర్‌బాయి లుకేమియాతో మరణించారు. మరుసటి ఏడాది దొరాబ్జీ కూడా కన్నుమూశారు. అనంతరం ఆ వజ్రాన్ని అమ్మగా వచ్చిన సొమ్ము ఆయన ధర్మనిధికి చేరింది. ఆ నిధి అండతోనే 1941లో బొంబాయిలో టాటా మెమోరియల్ ఆసుపత్రి వెలసింది. 1975లో జంషెడ్‌పూర్‌లోనూ మెహర్‌బాయి పేరిట క్యాన్సర్ ఆసుపత్రి ఏర్పడింది.

ఆమెను బలిగొన్న లుకేమియాయే పసిపిల్లలలో అత్యధికంగా కనిపించే క్యాన్సర్. నాడు దానికి మందు లేదు, నేడు ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం ఏటా 4 లక్షల మంది బాలబాలికలు క్యాన్సర్ బారిన పడుతున్నారు. సంపన్న దేశాలలో వారిలో 80 శాతానికి పైగా కోలుకుంటుండగా, అనేక పేద దేశాలలో 30 శాతమైనా దక్కడం లేదు. వ్యాధి ఒక్కటే, వసతులలోనే వ్యత్యాసం.

ఆసుపత్రికి యంత్రం కొనిపెట్టడానికి దాతలు సంతోషంగా ముందుకు వస్తారు. దానిని నడిపే ఖర్చు మాత్రం ఎవరికీ పట్టదు. రక్తంలోని ప్లేట్‌లెట్లను వేరుచేసే యంత్రాన్నే తీసుకుంటే, సేకరించిన ప్లేట్‌లెట్లను 20 నుంచి 24 డిగ్రీల మధ్య, నిరంతరం కదుపుతూ ఉంచాలి. అవి అయిదు రోజులకు మించి నిలవ ఉండవు. నిపుణులు, కిట్లు, మరమ్మతులు, నిరంతర విద్యుత్తు లేనినాడు లక్షల రూపాయల యంత్రం అలంకారప్రాయమే. 2018లో రాంచీలో ప్రారంభమైన ఆయుష్మాన్ భారత్ కుటుంబానికి ఏటా 5 లక్షల రూపాయల వరకు చికిత్స వ్యయాన్ని భరిస్తుంది గాని, యంత్రాల కొనుగోలుకు ఉద్దేశించినది కాదు. లాభాలలో 2 శాతం సామాజిక బాధ్యతకు వెచ్చించాలని 2013 నాటి చట్టం పెద్ద కంపెనీలను నిర్దేశించింది. ఆ సొమ్ములో కొంత నిర్వహణకు కేటాయించడం సముచితం.

లుకేమియా చికిత్స రెండు మూడేళ్లు సాగుతుంది. సింహభూమ్ పల్లెల కూలీలకు అన్నాళ్లూ దారిఖర్చులు, బస, పోయిన కూలి మోయలేని భారం. చికిత్స మధ్యలో ఆగితే యంత్రమున్నా ప్రయోజనం శూన్యం. కనుక విరాళాల సేకరణలో యంత్రంతోపాటు దాని నిర్వహణకు, కుటుంబాల బసకు నిధి చేర్చి, ఏటా లెక్కలు ప్రజల ముందుంచాలి. ఉక్కు కర్మాగారాన్ని నమ్ముకుని వచ్చి, బిష్టుపూర్‌లో రామమందిరం నిర్మించుకున్న తెలుగువారికీ ఈ కార్యంలో పాలుపంచుకునే శక్తి ఉంది. దాత పేరు ఫలకంపై కన్నా, కోలుకుని బడికి వెళ్లే బిడ్డలో నిలవడమే మేలు.