మనసులోని పలక చిన్నది

5, 8, 3, 9. ఈ నాలుగు అంకెలను ఒక్కసారి చదివి, కళ్లు మూసుకుని వెనకనుంచి ముందుకు చెప్పండి. చెప్పారా? భేష్! ఇప్పుడు 7, 2, 9, 4, 1, 6, 8 అనే ఏడు అంకెలను అలాగే చెప్పి చూడండి. తడబడ్డారు కదూ! చాలామంది తడబడతారు.

ఒక విషయాన్ని కాసేపు మనసులో నిలుపుకుని, దానితో పని జరుపుకునే శక్తిని శాస్త్రజ్ఞులు 'పనిచేసే జ్ఞాపకం' అంటారు. అది మనసులోని పలక అన్నమాట. ఆ పలక అందరికీ చిన్నదే. అప్పటికప్పుడు గుర్తుండేవి సుమారు ఏడు అంశాలని 1956లో అమెరికా మనస్తత్వ శాస్త్రజ్ఞుడు జార్జి మిల్లర్ రాశాడు. 2001లో నెల్సన్ కోవన్ ఆ లెక్కను నాలుగుకు తగ్గించాడు.

మెదడులో ఏం జరుగుతుంది? 1971లో జపాన్‌లోనూ, అమెరికాలోనూ పరిశోధకులు విడివిడిగా కోతులపై ప్రయోగాలు చేశారు. అమెరికా ప్రయోగంలో కోతి చూస్తుండగా రెండు వస్తువుల్లో ఒకదాని కింద తిండిముక్క దాచి, తెర దించేశారు. కోతికి ఏమీ కనబడదు. అయినా నుదుటి వెనకనున్న మెదడు భాగంలో కొన్ని నాడీకణాలు తెర లేచేదాకా చురుకుగా విద్యుత్ సంకేతాలు వెలువరిస్తూనే ఉన్నాయి! ఈ సంకేతాలు ఎడతెగని ధార కాదు, విడతలు విడతలుగా వస్తాయి, మధ్యలో కణాల నడుమనున్న సంధులు ఆ గుర్తును కాపాడతాయి అని ఈమధ్య కొందరు పరిశోధకులు వాదిస్తున్నారు. ఏమైనా ఇది రాతిమీద చెక్కిన అక్షరం కాదు. ధ్యాస మళ్లిందా, చెరిగిపోతుంది.

ఈ సంగతి బొగ్గుగనులకు బాగా తెలుసు. మీలో గోదావరిఖని, రామగుండం పిల్లలుంటే ఇంట్లో పెద్దలను అడగండి. సింగరేణి గనిలో సర్దారు గాలి సరిగా ఆడుతోందా, మీథేన్ వాయువు చేరిందా, పైకప్పు గట్టిగా ఉందా అని తనిఖీ చేస్తాడు. చూసినదాన్ని పుస్తకంలో రాసి సంతకం పెట్టాలి. ఇది గనుల నిబంధన. ఎంత అనుభవజ్ఞుడైనా "నాకు గుర్తుందిలే" అంటే కుదరదు. అక్కడ మరుపుకు మూల్యం మనిషి ప్రాణం.

మరి బడిలో? "పుస్తకం తీయి, 42వ పేజీలో మూడో లెక్క చేయి, సమాధానం కింద గీత గీయి, తెచ్చి చూపించు" అని ఒక్క గుక్కలో చెబుతారు. మూడోది మరిచిన పిల్లవాణ్ని మొద్దు అంటారు. ఇది అన్యాయమని నా అభిప్రాయం. గనిలో పెద్దవాళ్లకు పుస్తకం ఇచ్చి, బడిలో పిల్లలకు తిట్లు ఇవ్వడం ఏం న్యాయం?

"రాసుకుంటే జ్ఞాపకశక్తి మొద్దుబారదా? అష్టావధానులు ఎనిమిది మందికి రాయకుండానే జవాబులు చెబుతారు కదా!" అని మీరు అడగవచ్చు. మంచి ప్రశ్నే. అవధానికి ఛందస్సు, పదసంపద ఏళ్ల సాధనతో శాశ్వత జ్ఞాపకంలో స్థిరపడి ఉంటాయి. చిన్న పలకను వాటితో నింపనక్కరలేదు. ఎక్కాలు కంఠతా పట్టమనేదీ అందుకే. ఏడెనిమిదులు యాభైయారు అని నోటికి వస్తే, పలకమీద అసలు లెక్కకు చోటు మిగులుతుంది.

కాబట్టి ఎక్కాలు కంఠస్థం చేయండి. పెద్ద లెక్కలో మాత్రం ప్రతి మెట్టునూ కాగితంమీద పెట్టండి. నాలుగు పనులు ఒకేసారి చెబితే, "ఒక్క క్షణం, రాసుకుంటాను" అని వినయంగా అడగండి. చదివేటప్పుడు టీవీ, ఫోను పక్కన పెట్టండి. కంటినిండా నిద్రపోండి. నిద్ర చాలకపోతే ఆ చిన్న పలక ఇంకా మసకబారుతుంది.

రాసుకోవడం మతిమరుపుకు గుర్తు కాదు. తన మెదడు ఎలా పనిచేస్తుందో తెలిసినవాడి తెలివి అది.