బోరు చచ్చిందా, వాషర్ చిరిగిందా?

మా యానాది కాలనీ బోరింగు మూడు నెలలు నీళ్లివ్వలేదు. అడిగిన ప్రతిసారీ ఒకటే జవాబు వచ్చింది: "బోరు చచ్చిపోయిందప్పా. కొత్తది వేయాల. డబ్బులు రావాల." ఆ మాట చెప్పినవాళ్లలో ఒక్కరూ బోరింగు మూత విప్పి చూడలేదు. మేమూ విప్పలేదు. వాళ్ల తప్పు ఎంతో, మా తప్పూ అంతే. ఆ రెండు తప్పుల గురించే ఈ మాటలు.

ఆ మూడు నెలలూ మా ఆడవాళ్లు, పిల్లలు రైతుల మోటార్ల దగ్గరికి పోయారు. సేద్యానికి కరెంటు ఎప్పుడొస్తే అప్పుడే నీళ్లు. బడి గంట కొట్టే వేళకు కరెంటు వస్తే ఆ రోజు బడి లేనట్టే. హాజరు పట్టీలో మేం 'గైర్హాజరు' అని రాశాం. 'నీళ్లకు పోయింది' అని రాసే గడి ఆ పట్టీలో లేదు. మోటారు దగ్గర మా బిందెలు అందరి బిందెల తర్వాతే నిండుతాయి. "మీరు కాస్త ఎడంగా నిలబడండి" అనే మాట ఇంకా చెవిన పడుతూనే ఉంది. ఒక పంపు పాడైతే పోయేది నీళ్లు మాత్రమే కాదు. చదువు పోతుంది, మర్యాదా పోతుంది.

అదే రోజుల్లో మేం తరగతిలో పంపు పాఠం చెప్పాం. బల్ల మీద సిలిండర్ గీశాం, పిస్టన్ గీశాం, రెండు వాల్వులు గీశాం. ఒక పిల్ల లేచి అడిగింది: "సార్, మన బోరింగులో ఈ రెండిట్లో ఏ వాల్వు పోయింది?" మా దగ్గర జవాబు లేదు. ఉపాధ్యాయ శిక్షణ పూర్తిచేసి, ఇరవై ఏళ్లుగా పాఠాలు చెబుతున్నవాళ్లం. బడి గోడకు నలభై అడుగుల దూరంలో ఉన్న పంపు గురించి ఆ పిల్లకు చెప్పలేకపోయాం.

చివరికి తలా కొంత వేసుకుని మోటార్లు దించే మనిషిని పిలిపించాం. మూడు కాళ్ల స్టాండు నిలబెట్టి, మా కుర్రవాళ్లే తాడు పట్టి లాగారు. పది పైపులు బయటికొచ్చాయి. పై ఏడు పైపుల బయటి వైపు పొడిగా ఉంది, కింది మూడు తడిగా ఉన్నాయి. అంటే నీళ్లు ఉన్నాయి! సిలిండర్ విప్పితే లోపల రెండు వాషర్లు పీలికలై ఉన్నాయి. అవి మార్చి, అరిగిన కింది వాల్వు సీటు మార్చి, సాయంత్రానికి పైపులు దించేశాం. బోరు చావలేదు. వాషర్ చిరిగింది. వాషర్ల ఖర్చు ఆ రోజు టీలకైన ఖర్చును మించలేదు.

ఈ యంత్రం అంత అర్థంకానిదా? మన ఊళ్లలో కనిపించే బోరింగులు ఎక్కువగా ఇండియా మార్క్ 2 రకం. హ్యాండిల్ కిందికి నొక్కితే చైను, రాడ్లు పైకి లేస్తాయి. లోపల పిస్టన్ లేచి నీటిని ఎత్తుతుంది, కింది వాల్వు తెరుచుకుని కొత్త నీరు సిలిండర్‌లోకి వస్తుంది. హ్యాండిల్ వదిలితే పిస్టన్ దిగుతుంది, కింది వాల్వు మూసుకుంటుంది. అంతే. హ్యాండిల్ తేలిగ్గా ఆడుతూ చుక్క కూడా రాకపోతే రాడ్డు ఊడిందేమో, వాషర్లు పోయాయేమో చూడాలి. చాలాసేపు కొట్టాకగాని నీళ్లు రాకపోతే కింది వాల్వు గాని పైపు గాని కారుతోందని అనుమానించాలి. కాసేపు బాగా వచ్చి ఆగిపోయి, కొంత విరామం ఇస్తే మళ్లీ వస్తే, అప్పుడు బోరులో ఊట తగ్గిందేమోనని ఆలోచించాలి. ఈ మూడు గుర్తులు ఎనిమిదో తరగతి పిల్లకు ఒక పూటలో నేర్పొచ్చు.

ఈ పంపు పుట్టుక కూడా పిల్లలకు చెప్పాలి. 1960ల చివర కరువు కాలంలో దేశంలో వేలాది బోర్లు వేసి పోత ఇనుము పంపులు బిగించారు. ఊరంతా రోజంతా కొడితే అవి తట్టుకోలేకపోయాయి. మహారాష్ట్రలోని జాల్నా, షోలాపూర్ ప్రాంతాల చిన్న వర్క్‌షాపుల్లో గట్టి ఉక్కు పంపులు తయారయ్యాయి. వాటి ఆధారంగా యునిసెఫ్, మద్రాసు ఇంజనీర్లు కలిసి 1970ల చివరకు మార్క్ 2ను తీర్చిదిద్దారు. అంటే ఈ పంపుకు మూలం రిపేరు చేస్తూ చేస్తూ నేర్చుకున్న చేతులే. దీనికి ఒక లోపం ఉంది. వాషర్ మార్చాలంటే పైపులన్నీ పైకి లాగాలి. పది ఇనుప పైపులు, రాడ్లు కలిపితే వంద కిలోలు దాటుతుంది. అందుకే తర్వాత మార్క్ 3 వచ్చింది. దాని పైపు సిలిండర్ కన్నా లావు కాబట్టి పైపు కదపకుండానే పిస్టన్‌ను పైకి తీయొచ్చు. ఊరివాళ్లే బాగుచేసుకోవాలనే ఆ మార్పు చేశారు. మరి కొత్త బోరు వేసేటప్పుడు "ఏ రకం బిగిస్తున్నారు?" అని మనలో ఎవరైనా అడిగామా?

"యానాదోళ్లకు ఇనుప పని ఏం తెలుసు?" అంటారు. మా తాతలు ఎలుక బొరియ ముందు పొగకుండ పెట్టి, కుండ అడుగు చిల్లులోంచి ఊది, పొగ ఏ కలుగులోంచి బయటికొస్తుందో ముందే చెప్పేవాళ్లు. నేల లోపల గాలి ఎటు పోతుందో తెలిసినవాళ్ల పిల్లలకు పైపు లోపల నీరు ఎటు పోతుందో అర్థంకాదా? ఉత్తరప్రదేశ్‌లోని బాందా జిల్లాలో 1990ల మొదట్లో కోల్ ఆదివాసీ, దళిత మహిళలు మహిళా సమాఖ్య కార్యక్రమం కింద చేతిపంపుల మరమ్మతు నేర్చుకున్నారు. వాళ్లలో చాలామందికి అప్పటికి చదువే రాదు. పాన పట్టారు, పైపులు లాగారు, తర్వాత అక్షరాలూ నేర్చుకున్నారు. వాళ్లకు చేతనైంది మనకు చేతకాదా?

"ఇప్పుడు ఇంటింటికీ కుళాయి వస్తోంది కదా, ఇంకా బోరింగు మాటెందుకు?" అని కొందరు అంటారు. రానీ, మంచిదే. 2019లో మొదలైన జల్ జీవన్ మిషన్ మనిషికి రోజుకు 55 లీటర్లు ఇస్తామంది. ఆ నీళ్లు మన హక్కు. కానీ మన దగ్గర చాలా కుళాయిల వెనక ఉండేదీ ఒక బోరే, ఒక మోటారే. అది ఆగిన రోజున "మోటారు కాలిపోయింది" అంటారు. కాలింది మోటారా, స్టార్టరా, కెపాసిటరా అని అడగడం తెలియకపోతే మళ్లీ అదే మూడు నెలలు.

ఇంకో మాట మా తోటి టీచర్లే అన్నారు: "మనమే బాగుచేసుకుంటే ప్రభుత్వం చేతులు దులుపుకోదా?" ఈ ప్రశ్నకు బరువుంది. తాగునీరు రాజ్యాంగం పదకొండో షెడ్యూలులో పంచాయతీలకు చెందిన విషయం. 15వ ఆర్థిక సంఘం పంచాయతీలకిచ్చిన నిధుల్లో తాగునీటికని విడిగా కట్టేసిన వాటా ఉంది. కాబట్టి మరమ్మతు ఖర్చు మా చందాల్లోంచి పోవడం అన్యాయమే. కానీ పని తెలుసుకోవడం వేరు, పని ఉచితంగా చేయడం వేరు. తెలిసినవాడే "బోరు చచ్చింది" అన్న మాటను "పైపులు తీసి చూపించండి" అని ఎదుర్కోగలడు. తెలియనివాడు అర్జీ పట్టుకుని తిరుగుతూనే ఉంటాడు.

నిజంగా చచ్చే బోర్లూ ఉన్నాయి, దాచిపెట్టం. స్వర్ణముఖి పుట్టేది మా పాకాల దగ్గరే, అయినా మా నేల కింద నీరు ఏటేటా వెయ్యి అడుగుల బోర్ల వెంట లోతుకు పోతోంది. నీటిమట్టం 45 మీటర్లు దాటి దిగితే మార్క్ 2 అందుకోలేదు. అప్పుడు ఎంత రిపేరు చేసినా దండగే. పంపు మార్చాలి, లేదా చోటు మార్చాలి. ఏది రిపేరు, ఏది మార్పు అనేది కొలిచి తేల్చాలి గానీ కుర్చీలో కూర్చుని చెప్పకూడదు.

అందుకే మేం అడిగేవి నాలుగు. ప్రతి గిరిజన కాలనీలో ఇద్దరికి, అందులో ఒక ఆడపిల్లకు, పంపు మరమ్మతు నేర్పాలి. పానాలు, క్లాంపులు, వాషర్లు ఉన్న పెట్టె ఒకటి ఆ కాలనీలోనే ఉండాలి. చేసిన పనికి పంచాయతీ కూలి కట్టాలి. ఏ బోరునైనా చచ్చిందని రాసేముందు పైపులు తీసి, నీటిమట్టం కొలిచి, ఆ అంకె కాలనీవాళ్ల ముందు రాయాలి.

తోటి టీచర్లకు ఒక మాట. పంపు పాఠం వచ్చిన రోజున పిల్లల్ని బయటికి తీసుకుపోండి. హ్యాండిల్ కొట్టించండి, చప్పుడు వినిపించండి, పై మూత విప్పి చైను చూపించండి. యువకులకు ఒక మాట. బండి రిపేరుకు మీరే పాన పడతారు గదా, అమ్మ బిందెకు కూడా ఒకసారి పట్టండి. ఆ రోజు అడిగిన పిల్లకు మేం ఇప్పుడు జవాబు చెప్పగలం: పోయింది కింది వాల్వు సీటు, పిస్టన్ వాషర్లు. మూడు నెలలు ఆలస్యంగా చెబుతున్నాం. వచ్చేసారి ఆ జవాబు ఆ పిల్లే చెప్పాలి.