పైన పటారమూ ముఖ్యమే!

"పైన పటారం, లోన లొటారం" అని మనవాళ్లు వెక్కిరిస్తారు. పైమెరుగు చూసి మోసపోవద్దని దానర్థం. మనుషుల విషయంలో నిజమే. వస్తువుల విషయంలో మాత్రం ఆ సామెతతో నాకు పేచీ ఉంది.

మచ్చ బొల్లారంలో మా ఇంట్లో పాత ఇత్తడి గిన్నె ఒకటుంది. కళాయి పోయినప్పటి నుంచి నానమ్మ అందులో చింతపండు పులుసు పెట్టనిచ్చేది కాదు. "కిలుమెక్కుతది, పులుసు పాడైతది" అనేది. కళాయి అంటే పలచటి తగరం పూత, అంతే కదా. గిన్నె బరువూ గట్టిదనమూ ఇత్తడివే. కానీ పులుసుకి తగిలేది తగరం. అంటే పులుసు లెక్కలో అది తగరం గిన్నె! ప్లాస్మా పాలిమరైజేషన్ గురించి చదివినప్పుడు నాకు ముందు గుర్తొచ్చింది ఆ గిన్నే.

పద్ధతి ఇదీ. ఒక గదిలాంటి పాత్రలోంచి గాలిని పంపుతో లాగేసి, పీడనాన్ని వాతావరణ పీడనంలో వెయ్యోవంతు కంటే కిందికి దించుతారు. అందులోకి కొంచెం మోనోమర్ ఆవిరి వదులుతారు. రేడియో ఫ్రీక్వెన్సీ కరెంటు ఇస్తారు, మామూలుగా 13.56 మెగాహెర్ట్జ్. లోపల మెరుపు వెలుగు వస్తుంది. అదే ప్లాస్మా. అందులో పరుగులు తీసే ఎలక్ట్రాన్లు అణువుల్ని ముక్కలు చేస్తాయి. ఆ ముక్కలు వస్తువు ఉపరితలానికి అతుక్కుని, ఒకదానితో ఒకటి ముడిపడి పొరగా పెరుగుతాయి. పొర మందం చాలాసార్లు 100 నానోమీటర్ల లోపే. అలాంటివి కొన్ని వందలు పేరిస్తే ఒక తల వెంట్రుక మందం! ద్రావకం అక్కర్లేదు. వస్తువుని కాల్చాల్సిన పనీ లేదు. అందుకే వేడికి తట్టుకోని ప్లాస్టిక్ మీద కూడా వేయొచ్చు.

ఇక్కడే మన పాఠ్యపుస్తకం తడబడుతుంది. పాలిమర్ అంటే ఒకే యూనిట్ మళ్లీ మళ్లీ వచ్చే గొలుసు అని బట్టీ పట్టాం. ఈ పొరలో అలాంటి గొలుసు లేదు, చిక్కుపడిన వల ఉంది. ఇంకో తమాషా, హెక్సామిథైల్‌డైసిలాక్సేన్ అనే ఒకే ఆవిరి తీసుకోండి. ఆక్సిజన్ కలపకపోతే మిథైల్ గుంపులు మిగిలి, తామరాకులా నీటిని నిలవనివ్వని పొర వస్తుంది. ఆక్సిజన్ బాగా ఎక్కువగా కలిపితే ఆ గుంపులు కాలిపోయి గాజులాంటి సిలికా పొర మిగులుతుంది. సరుకు ఒకటే, ఫలితాలు రెండు.

మన బొల్లారం నుంచి రాజీవ్ రహదారి పట్టుకుని పోతే శామీర్‌పేట, అవతల జీనోమ్ వ్యాలీ. అక్కడ తయారయ్యే టీకాలు చాలావరకు గాజు సీసాల్లో బయటికొస్తాయి. గాజులోంచి సోడియంలాంటివి మందులోకి దిగకుండా, సీసా లోపల ప్లాస్మాతో సిలికా పొర వేసే పద్ధతి ఉంది. జర్మనీకి చెందిన షాట్ కంపెనీ అలాంటి సీసాలు అమ్ముతోంది. మందు ఎంత మంచిదైనా దానికి తగిలేది ఆ పొరే. మందుల తయారీకి పేరున్న ఊరి పిల్లలం, పూత సంగతి కూడా మనకు తెలిసుండాలి కదా?

కానీ మనం ఏం చేస్తున్నాం? ఫైనలియర్ ప్రాజెక్టుని డబ్బులిచ్చి కొంటున్నాం. సీనియర్ల రిపోర్టుకి కొత్త అట్ట వేస్తున్నాం. నిజమైన "పైన పటారం" అది!

నా ప్రతిపాదన చిన్నది. డిపార్ట్‌మెంట్‌కి ఒక చిన్న ప్లాస్మా ఛాంబర్, ఒక వాక్యూమ్ పంపు కావాలి. ఖర్చే, కాదనను. కానీ ఒకసారి కొంటే ఏళ్ల తరబడి బ్యాచ్‌లకి పనికొస్తుంది. హై వోల్టేజ్ కాబట్టి సార్లు దగ్గరుండాలి. కొలవడానికి మాత్రం నీటిచుక్క, ఫోన్ కెమెరా చాలు. పూసిన గాజుపలక మీద చుక్క వేసి పక్కనుంచి ఫొటో తీయండి. చుక్క లోపలి కోణం 90 డిగ్రీలు దాటితే పలక నీటిని తోసేస్తోందన్నమాట. ఆక్సిజన్ మార్చుతూ కోణం రాసుకుంటే అదే ప్రాజెక్టు. నెల తర్వాత మళ్లీ కొలవండి. పొరలో మిగిలిన రాడికల్స్ గాలితో కలిసి కోణం మారొచ్చు. మారితే మారిందనే రాద్దాం. ఫ్లోరిన్ ఆవిర్ల జోలికి మాత్రం వద్దు. వాటి అవశేషాల్లో కొన్ని నీళ్లలో, మట్టిలో ఏళ్ల తరబడి విచ్ఛిన్నం కాకుండా ఉండిపోతాయి.

నానమ్మకి కెమిస్ట్రీ రాదు. అయినా పులుసుకి ఏది తగులుతుందో చూసేది. ఇంజనీర్లం కాబోతున్న మనం ఆ మాత్రమైనా చూడాలి. వచ్చే సెమిస్టర్ ప్రాజెక్టు కొనేముందు, ఒక్క నీటిచుక్క వేసి చూడండి.