మిత్రుని మాటను కాదనుట

మృదువుగా మాటలాడువాడు మంచివాడనియు, ఎదుటివాని మాటను కాదనువాడు కఠినుడనియు లోకములో నొక తలంపు కలదు. ఇది సరియైనది కాదు. తప్పని తోచిన మాటకు ఎదుట తలయూపి, చాటున దానిని నిందించువాడు దయ గలవాడెట్లగును? కాదని చెప్పుటలో గూడ దయ యుండవచ్చును. అందులకు 1934వ సంవత్సరమున జరిగిన యొక సంఘటన మంచి నిదర్శనము.

ఆ యేడు జనవరి 15వ తేదీన బీహారులో గొప్ప భూకంపము సంభవించెను. ముంగేరు, ముజఫర్‌పురము మొదలైన పట్టణములు పాడువడెను. వేలకొలది జనులు మరణించిరి. గాంధీమహాత్ముడు అప్పుడు హరిజనోద్ధరణమునకై తమిళదేశమున పర్యటించుచుండెను. అస్పృశ్యత యను పాపమునకు దైవము విధించిన శిక్షయే యీ భూకంపమని ఆయన యొక సభలో పలికెను. ఆ మాట పత్రికలలో వెలువడెను. శాంతినికేతనములో రవీంద్రనాథ ఠాకూరు దానిని చదివి మిక్కిలి నొచ్చుకొనెను. అస్పృశ్యత పాపమనుటలో ఆయనకును సందేహము లేదు. కాని భూమి కంపించుటకు కారణము ప్రకృతిలోనే యున్నదనియు, దానిని పాపపుణ్యములతో ముడిపెట్టినచో ప్రజలలో మూఢత్వము పెరుగుననియు ఆయన తలంచెను.

అప్పుడాయన చేసిన పని గమనింపదగినది. రవీంద్రుడు నోబెల్ బహుమానము నందిన కవి. ఆయన వ్రాసి పంపినచో ప్రకటింపని పత్రిక యుండదు. అయినను తన ఖండనమును ముందుగా గాంధీజీకే పంపెను. పత్రికలలో వచ్చిన మాట నమ్మశక్యముగా లేదనియు, అది నిజముగా గాంధీజీ మాటయే యైనచో తన ఖండనమును ప్రకటింపవచ్చుననియు వ్రాసెను. ప్రజల మనస్సులలోని భయమును పోగొట్టినందులకు దేశము మహాత్మునకు కృతజ్ఞతతో నున్నదని చెప్పుచునే, ఈ మాట అవివేకమునకు బలము చేకూర్చునని నిర్భయముగా తెలిపెను.

గాంధీజీ దానిని దాచలేదు. ఫిబ్రవరి 16వ తేదీ ‘హరిజన్’ పత్రికలో తన ప్రత్యుత్తరముతోగూడ ప్రకటించెను. దక్షిణాఫ్రికానుండి మరలి వచ్చినప్పుడు తనకును తనవారికిని శాంతినికేతనము ఆశ్రయమిచ్చిన సంగతిని అందు జ్ఞప్తికి దెచ్చుకొనెను. తాను పొరబడినట్లు తోచినప్పుడు ఆక్షేపించుటకు గురుదేవునకు సంపూర్ణాధికారము కలదని వ్రాసెను. తన నమ్మకమును మాత్రము విడువలేదు.

ఈ వాదములో సత్యము రవీంద్రుని పక్షముననే యున్నది. భూమి పైపొరలోని గొప్ప ఫలకములు ఒకదానినొకటి నెట్టుకొనుటవలన హిమాలయ ప్రాంతమున భూకంపములు కలుగుచున్నవి. వానికి కులముతో పనిలేదు. అయినను గాంధీజీ మారలేదు. ఎంత ఆదరముతో చెప్పినను ఎదుటివాడు మారకపోవచ్చును. మారుటయే స్నేహమునకు నిబంధన యైనచో ఏ స్నేహమును నిలువదు.

పాఠశాలలో జరుగుచుండునది వేరు. ఒక బాలుడు మరియొకనిగూర్చి యేదో యనెనని మూడవవాడు వచ్చి చెప్పును. విన్నవాడు నిజమేమో యడుగడు, మాటలాడుట మానివేయును. నాలుగు దినములలో తరగతి రెండు పక్షములుగా చీలును. తీరా చూచినచో ఆ బాలుడు ఆ మాట యనియే యుండడు! రవీంద్రుడంతటి వాడు అడిగి తెలిసికొనుటకు చిన్నతనపడలేదు గదా. బాలురకు మాత్రము అడుగుట అవమానముగా తోచును. అలుగుట గౌరవముగా తోచును.

వాదము ముగిసిన రెండేండ్లకు, అనగా 1936లో, రవీంద్రుడు విశ్వభారతికి ధనము కూర్చుటకై నాటక బృందముతో ఊరూర తిరుగుచు ఢిల్లీ చేరెను. అప్పటికాయనకు డెబ్బదియైదేండ్లు సమీపించినవి. ఆ ముదిమిలో ఆయన పడుచున్న శ్రమను చూడలేక గాంధీజీ 60,000 రూపాయలు సమకూర్చి యిప్పించెను. 1940 ఫిబ్రవరిలో గాంధీజీ శాంతినికేతనమునకు వచ్చి మరలిపోవుచుండగా, రవీంద్రుడు ఆయన చేతిలో నొక లేఖ నుంచెను. తన జీవితకాలపు కృషిఫలమైన విశ్వభారతిని ఇక కాపాడవలసినదని అందులో కోరియుండెను.