పులిజూదంలో పందెం లేదు

విశాఖ ఆర్కే బీచ్‌లో కురుసుర జలాంతర్గామి లోపల, పెరిస్కోపు దగ్గర ఓ పిల్లాడు ఆగిపోయాడు. "అంకుల్, దీన్ని నడపొచ్చా?" గైడు నవ్వి, "ముందుకు కదులు బాబూ" అన్నాడు. వెనకాల క్యూ ఉంది మరి. 1969లో నౌకాదళంలో చేరి, 2002లో మ్యూజియంగా ఒడ్డెక్కిన ఆ 91 మీటర్ల ఇనుప గొట్టాన్ని మనం చూసి బయటికొస్తాం. వాడికి చూడటం చాల్లేదు. జలాంతర్గామి కథ "ఘాజీ" సినిమాలో నిర్ణయం కెప్టెన్‌ది, గుండెదడ మనది. వీడియోగేమ్‌లో రెండూ మనవే.

మన దగ్గర గేమ్ మీద చర్చ పోలీస్‌స్టేషన్ మెట్ల మీదే మొదలవుతుంది. 2020 సెప్టెంబరులో ఆంధ్రప్రదేశ్ ఆన్‌లైన్ రమ్మీ, పోకర్‌లను నిషేధించింది. అదే నెలలో కేంద్రం పబ్‌జీని ఆపింది. మొదటిది అప్పుల గొడవ, రెండోది చైనాతో పేచీ. ఇళ్లలో మాత్రం రెండూ "ఫోన్లో ఆటలే". 2025 ఆగస్టులో వచ్చిన కేంద్ర చట్టం డబ్బు ఆటల్ని నిషేధించి, ఈ-స్పోర్ట్స్‌ను గుర్తించింది. మంచిదే. కానీ పందెం లేని ఆట ఏం చెబుతోందో చూడాల్సింది చట్టం కాదు, పత్రికలు. శుక్రవారం వచ్చే ప్రతి సినిమాకీ సమీక్ష రాసే మేం ఆ పని చెయ్యలేదు.

పులిజూదం చూడండి. పేరులోనే జూదం, పైసా పందెం ఉండదు. మూడు పులులు, పదిహేను మేకలు. పులి మేక మీంచి దూకి చంపుతుంది, మేక పులిని ఏమీ చెయ్యలేదు. అన్నీ కలిసి దారులు మూసేస్తే పులి కట్టుబడి ఓడిపోతుంది. ఆ సంగతి ఎవరూ చెప్పరు, నాలుగు మేకలు పోయాక మనకే తెలిసొస్తుంది. కథ అక్కర్లేకుండా నియమాలతోనే మాట్లాడే కళ ఇది.

ఈ కళను తమిళులు తెరకెక్కించారు. కెనడా వలస కుటుంబం కథతో 2023లో వచ్చిన "వెన్బా" వీడియోగేమ్‌లో అమ్మ వంటల పుస్తకం చెరిగిపోయి ఉంటుంది. ఇడ్లీ రేకులు ఎలా పేర్చాలో ఆడేవాళ్లే కనిపెట్టుకోవాలి. మరుసటేడు దానికి బాఫ్టా వచ్చింది. మన గోంగూరకు అలాంటి అదృష్టం ఎప్పుడో!

నా ఆశ వంట మీద కాదు, ఉక్కు మీద. ఆటగాడి చేతికి విశాఖ స్టీల్‌ప్లాంట్ ఇవ్వండి. నియమం ఒక్కటే: సొంత ఇనుప గనులు లేవు, ఖనిజం బజారు ధరకే కొనాలి. బ్లాస్ట్ ఫర్నేస్‌ను స్విచ్ నొక్కి ఆపడానికి లేదు, చల్లారితే లోపలి ఇనుము గడ్డకడుతుంది. 2021 జనవరి రాగానే ప్రైవేటీకరణ వార్త పడుతుంది. 2025 జనవరిలో రూ.11,440 కోట్ల ప్యాకేజీ వస్తుంది, పాత బాకీలు నోరు తెరుచుకుని ఉంటాయి. పది సంపాదకీయాలు చదివినా తలకెక్కని లెక్క అరగంటలో ఒంటబడుతుంది.

తెర మీద మూడు ఫర్నేసులు మండుతుంటాయి: గోదావరి, కృష్ణా, అన్నపూర్ణ. ఖనిజం రెండింటికే సరిపోతుంది. ఏది ఆపుతావని ఆట అడుగుతుంది.