ఊరికి పోయేముందు కెమెరాను ఇంటి దగ్గరే చూసుకోండి

ఈ వారం వంటింటి కబుర్లు పక్కన పెట్టి, బీరువాలో మూలన పడి ఉండే చిన్న డిజిటల్ కెమెరా సంగతి చెబుతాను.

నాలుగేళ్ల కిందట మా మామ పోయినప్పుడు, దండ వేయడానికి ఇంట్లో సరైన ఫోటో లేదు. తీయక కాదు. తీసినవన్నీ ఫోన్‌లోనే ఉంచాము. ఆ ఫోన్ కాస్తా నీళ్ల తొట్టిలో పడింది. చివరికి ఆధార్ కార్డు మీది ఫోటోనే పెద్దది చేయించాము. అందులో ఆయన నవ్వు లేదు. గోడ మీద దాన్ని చూసినప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది.

అందుకే మొన్న అత్తను లేపాక్షికి పిలుచుకుపోదామనుకున్నప్పుడు, ఆమె ఫోటో ఒక్కటైనా బాగా తీయాలని పట్టుబట్టాను. ఫోన్ ఉండగా కెమెరా ఎందుకంటారా? దారి చూడడానికీ, డబ్బు కట్టడానికీ, మాట్లాడడానికీ అదే కదా! మధ్యాహ్నానికే ఛార్జింగ్ అయిపోతుంది. మా పాత కెమెరాతోపాటు ఆడబిడ్డ వాళ్లదీ అడిగి తెచ్చుకున్నాను. రెండూ అరచేతిలో పట్టేవే. 1975లో అమెరికాలో కొడాక్ ఇంజినీరు స్టీవెన్ శాసన్ చేసిన మొదటి డిజిటల్ కెమెరా మూడున్నర కిలోల పైనే ఉండేది. ఒక్క బొమ్మ క్యాసెట్‌లోకి ఎక్కడానికి 23 సెకన్లు పట్టేది!

ముందురోజే మా బుక్కరాయసముద్రం చెరువుకట్ట మీద రెండింటినీ పరీక్ష చేశాను. మంచి పని చేశాను. మాదాంట్లో మామూలు పెన్సిల్ సెల్లులు వేస్తే కాసేపటికే ఆగిపోయింది. ఛార్జింగ్ చేసుకునే సెల్లులు వేస్తే చాలాసేపు వచ్చింది. ఆడబిడ్డ కెమెరాకు ఎండలో వెనక తెర మీద ఏమీ కనబడలేదు. మాదానికి కన్ను ఆనించి చూసే చిన్న కిటికీ ఉంది, బతికిపోయాను.

జూమ్‌లో కూడా రెండు రకాలుంటాయి. లెన్సు కదిలి దగ్గరికి తెచ్చేది అసలైనది. డిజిటల్ జూమ్ అంటే ఉన్న బొమ్మను కత్తిరించి సాగదీయడమే. మసకబారుతుంది, దాన్ని ఆపేసుకోండి.

లేపాక్షి 2022 నుంచి శ్రీ సత్యసాయి జిల్లాలో ఉంది. అక్కడి ఏకశిలా నంది సుమారు 27 అడుగుల పొడవు, 15 అడుగుల ఎత్తు. అది మొత్తం రావాలంటే జూమ్ వద్దు, మనమే వెనక్కి నడవాలి. గుడి మంటపం పైకప్పు మీది రంగుల బొమ్మలకు చిన్న కెమెరా ఫ్లాష్ సరిగా అందదు. పాత చిత్రాలకు ఫ్లాష్ వేయకపోవడమే మంచిది కూడా. తువ్వాలు మడిచి నేల మీద పరిచి, కెమెరాను వెల్లకిలా పెట్టి, పది సెకన్ల టైమర్ వేసి పక్కకు జరిగాను. చేయి వణుకు లేదు కాబట్టి బొమ్మ చక్కగా వచ్చింది.

వేలాడే స్తంభం కింద అత్త గుడ్డ దూరుస్తుంటే తీశాను. వెనక ఎండ, ముందు నీడ. ముఖం నల్లగా వచ్చింది, రెండు కెమెరాల్లోనూ అంతే. అప్పుడామెను వెలుతురు ముఖాన పడేలా అరుగు మీద కూర్చోబెట్టాను.

“ఎందుకే ఇన్నిసార్లు? దండకా?” అంది.

నాకు నోట మాట రాలేదు. ఆమే పకపకా నవ్వి, “అట్లయితే బాగా తీయి. మీ మామ మాదిరి మూతి ముడుచుకోను నేను” అంది. ఆ నవ్వుకే బటన్ నొక్కాను.

ఆ రాత్రే ఫోటోలను కంప్యూటర్‌లోకీ, పెన్ డ్రైవ్‌లోకీ ఎక్కించి, మరునాడు అనంతపురంలో ప్రింటు వేయించాను. 8 అంగుళాలకు 10 అంగుళాల ప్రింటు స్పష్టంగా రావడానికి ఏడు మెగాపిక్సెళ్లు చాలు. మా పాతదానికి పది ఉన్నాయి.

గుర్తుంచుకోండి: మన వైపు గాలికి దుమ్ము లెన్సు సందుల్లోకి పోతుంది. తీయగానే ఆపి, సంచిలో పెట్టండి. ఫోటోలు రెండు చోట్లకు చేరేదాకా కార్డు చెరపకండి. ఇంట్లో పెద్దవాళ్ల ఫోటో ఒక్కటైనా కాగితం మీదికి తెప్పించండి.

మా అత్త ఫోటో ఇప్పుడు టీవీ పైన ఉంది. వచ్చిన వాళ్లందరికీ ఆమే చూపించుకుంటోంది. మరి మీ బీరువాలో కెమెరా ఉందా? సెల్లులు మార్చి చూడండి. వచ్చే వారం కలుద్దాం.