గాంధర్వపు ముసుగు

గత సంచిక వెలువడిన పిమ్మట మన సంఘ సభ్యులలో కొందఱు తల్లిదండ్రులు, తమ కుమార్తెలు నిద్రాహారములు మాని చదువుచున్న ఆంగ్ల ప్రణయనవలలను గుఱించి కలతపడి, వానిని ఇండ్లలోనికి రానీయకుండుటకు ఉపాయము చెప్పుమని మాకు వ్రాసిరి. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు సీమలనుండి వచ్చి ఈ దూరదేశమున స్థిరపడిన మన గృహములలో తల్లి చేత నొక నవల, కూతురి చేత వేఱొక నవల యుండుట వింత కాదు. ఆ రెండు నవలల నాయకులును తోడబుట్టినవారివలె ఒకే కనుబొమముడితో దర్శనమిచ్చుట మాత్రము వింతయే.

2005లో వెలువడిన స్టెఫనీ మేయర్ 'ట్వైలైట్'లో నాయకుడైన ఎడ్వర్డ్, నాయిక బెల్లా నిదురించుచుండగా ఆమె యెఱుగకుండ రాత్రులందు గదిలో ప్రవేశించి ఆమెను చూచుచు గడపును. ఆ కథామాలలోని మూడవ నవలయందు, ఆమె తన స్నేహితుని చూడబోకుండునట్లు ఆమె బండి కదలకుండ చేయును. ఇదంతయు రక్షణమను పేర చెప్పబడినది. నాయకుడు రక్తము త్రాగు జాతివాడగుట కల్పన గనుక మన్నింపవచ్చును. బండి తాళపుచెవి దాచు జాతివారు కల్పనకు వెలుపలను కలరు.

అయినను ఈ దోషమును పాశ్చాత్యుల నెత్తిన వేసి చేతులు దులుపుకొనుట మనకు తగదు. 1960 దశకమున 'జ్యోతి' మాసపత్రికలో ధారావాహికగా వచ్చి, 1976లో అక్కినేని, వాణిశ్రీలతో చలనచిత్రమైన యద్దనపూడి సులోచనారాణి 'సెక్రటరీ'లో రాజశేఖరము యజమాని, జయంతి ఆతని కొలువున నున్న యువతి. ఆతని దర్పమును చూచి మురియని పాఠకురాలు ఆ తరమున అరుదు. 2018 మే నెలలో కాలిఫోర్నియాలో కన్నుమూసిన ఆ రచయిత్రి నాయికకు ఆత్మాభిమానమను వెన్నెముక నిచ్చినదనుట న్యాయము. అనుకర్తలు ఆ వెన్నెముకను విడిచి దర్పమును మాత్రము గైకొనిరి. నేడు ప్రతిలిపి వంటి వేదికలమీద వెలువడు తెలుగు ధారావాహికలు కొన్నింట, కోపిష్ఠియైన సంస్థాధిపతి బలవంతపు పెండ్లితో కథ నారంభించి, నూఱు భాగముల పిమ్మట పశ్చాత్తప్తుడై భర్తృపదవికి అర్హుడగుచున్నాడు.

మన సీమకు శృంగారకథ క్రొత్త కాదు. జటప్రోలు ప్రభువైన సురభి మాధవరాయలు 'చంద్రికా పరిణయము' రచించిన నేల అది. పండితపోషణమున 'విద్వద్గద్వాల' యని బిరుదు వహించిన గద్వాల సంస్థానమును అచ్చటిదే. మన ప్రబంధనాయకుడు విరహమున చంద్రుని దూషించును, మన్మథుని నిందించును, మలయానిలముతో కలహించును. తాపమంతయు తన దేహముననే భరించునుగాని దానిని కాంతమీద తీర్చుకొనడు. ఆ కావ్యములు కన్య యిచ్ఛ నెల్లయెడల అడిగినవని మేమనము. ఐనను ప్రేమతీవ్రతకు కొలత, ప్రేమించినవాడు తాను పడు వేదనయే గాని ఆమెకు పెట్టు వేదన కాదను మర్యాద వానియందు కలదు.

స్మృతికారుల మాటయు గమనింపదగినది. మనువు చెప్పిన అష్టవిధ వివాహములలో గాంధర్వమునకు ఇరువురి యిచ్ఛయే ప్రాణము. ఏడ్చుచున్న కన్యను ఇంటినుండి బలిమిని గొనిపోవుట రాక్షసము. క్షత్రియులకు దానిని గూడ అనుమతించుట యెంతవఱకు తగునో అది వేఱు చర్చ. రెంటిని ఒకటిగా మాత్రము వారు పొరబడలేదు. మేము నేటి నవలలయందు ఎన్నుచున్న తప్పు ఇదియే. దుష్టుడైన పురుషుని చిత్రించుట తప్పు కాదు, సాహిత్యమున కది అవసరము గూడ. రాక్షసమునకు గాంధర్వపు ముసుగు వేసి, ఆమె 'వద్దు' అన్న మాటను సిగ్గుగను, ఆతని అనుమానమును అనురాగముగను చదువరిచేత చదివించుట తప్పు. 2013 నాటి సవరణచే భారత శిక్షాస్మృతిలో 354డి సెక్షనుగ చేరి, 2024 జూలై 1 నుండి భారతీయ న్యాయసంహితలో 78వ సెక్షనైన శాసనము, స్త్రీ తన యనిష్టమును స్పష్టపఱచిన పిమ్మటను మఱలమఱల వెంబడించుటను, ఆమె అంతర్జాల వినియోగమును కనిపెట్టుచుండుటను నేరములుగ నెంచి, తొలిసారికి మూడేండ్ల వఱకు కారాగారము విధింపవచ్చుననుచున్నది. ఆ లక్షణములు గల వ్యక్తి నవలలో వరుడు, న్యాయస్థానమున ముద్దాయి.

పుస్తకమును లాగుకొన్నచో బాలిక దానిని దుప్పటిలో చదువును; నాయకుడు చేయు పనినే తండ్రియు చేసినట్లగును. రచనకు రచనయే తగిన బదులు. తెలంగాణమున కవులు లేరను నింద వచ్చినపుడు, ఇటిక్యాలపాడు వారైన సురవరము ప్రతాపరెడ్డి 1934లో 354 మంది కవులతో 'గోలకొండ కవుల సంచిక' వెలువరించి బదులిచ్చిరి. వారినే వనపర్తి ప్రజలు 1952లో శాసనసభకు పంపిరి. మేమును ఆ మార్గమునే అనుసరింపదలచితిమి. వచ్చు సంచికలో కొన్ని పుటలు యువతీయువకులకు కేటాయించుచున్నాము. తాము చదివిన యే నవలనుండియైనను నాయిక 'వద్దు' అనిన ఘట్టము నెన్నుకొని, ఆ మాట విన్న నాయకుడు మఱుదినమున ఏమి చేసెనో తమ కల్పనతో మరల వ్రాసి పంపవలెను. తెలుగున వ్రాయలేనివారు ఆంగ్లమున వ్రాయవచ్చును, తెనిగించు భారము మాది. బాలికలు ఎటులను వ్రాయుదురు. బాలుర రచనలు విశేషముగ కోరుచున్నాము.